చౌడు ఉప్పు నీళ్లు పెడితే పోతుందా?

ఉప్పల్ దిగువన మూసీ నీళ్లతో పశుగ్రాసం, వరి పండించే రైతులైనా, నాచారంలో బోరునీళ్లతో మిద్దెతోట పెంచేవాళ్లైనా అడిగేది ఒకటే: మట్టి మీద పేరుకున్న తెల్లటి ఉప్పు నీళ్లు పెడితే పోతుందా?

అది ఏ ఉప్పో చూడాలి. 20 డిగ్రీల వేడిలో లీటరు నీటిలో మామూలు ఉప్పు సుమారు 360 గ్రాములు కరుగుతుంది. బట్టల సోడా, అంటే సోడియం కార్బొనేట్, సుమారు 215 గ్రాములు. జిప్సం రెండున్నర గ్రాములే. సున్నం పొర దాదాపు కరగదు, కుండీ అంచున కడితే గీకేయడమే.

మామూలు ఉప్పుతో వచ్చేది పాలచౌడు. మంచినీళ్లు నిలబెట్టి కిందికి ఇంకనిచ్చి, మురుగు కాలువలోకి తీసేస్తే తగ్గుతుంది.

సోడాతో వచ్చేది కారుచౌడు. సోడా కూడా బాగానే కరుగుతుంది, మరి ఎందుకు పోదు? సోడియం బంకమట్టి రేణువులను విడగొట్టి సందులు మూసేస్తుంది. నీళ్లు ఇంకవు. ఎండకు ఆవిరై, ఉప్పును అక్కడే వదిలేస్తాయి.

ఇక్కడే జిప్సం పనికొస్తుంది. కరిగేది కొంచెమే అయినా, దానిలోని కాల్షియం సోడియాన్ని మట్టి నుంచి తోసేస్తుంది. అది సోడియం సల్ఫేటుగా మారి నీళ్లతో దిగిపోతుంది. మట్టి పరీక్ష చేయించాకే మోతాదు నిర్ణయించుకోండి. తర్వాత జీలుగ వేసి కలియదున్నండి, ఆచ్ఛాదన కప్పండి.

జీవామృతం మట్టికి ప్రాణం పోస్తుంది గానీ ఉప్పును మాయం చేయదు. ఉప్పు బయటికి పోయే దారి మనమే తీయాలి. కాలువ తీసే పద్ధతి వీడియోలో చూడండి.