చిన్న పడకగదిలో పాటపెట్టెలు

పరకాలలో మా పడకగది పొడవు 10 అడుగులు, వెడల్పును అంతియే. స్థలము కలిసివచ్చునని స్పీకరుపెట్టెలు రెంటిని మూలల నుంచితిమి. డోలు మ్రోగినంతనే గది గుమ్మని నిండి పాటలోని మాట తెలియదయ్యెను; ప్రక్కగదిలో అవ్వకు నిద్ర కరవయ్యెను. పెట్టెల నమ్మివేయుద మనుకొంటిమి.

తప్పు పెట్టెలది కాదు. ధ్వని సెకనుకు సుమారు 1,130 అడుగులు పోవును. 10 అడుగుల యెడముగల గోడల నడుమ, సెకనుకు సుమారు 56 కంపనములుగల మంద్రధ్వని ఇటునటు మరలుచు బలియును. పొడవు వెడల్పులు సమానమైనచో ఆ స్వరమే రెట్టించును. మూల దానిని మఱింత పెంచును. గోల్కొండ ద్వారమున చఱచిన చప్పట్లు బాలాహిస్సారున వినబడుటకు అబ్బురపడు మనము మన గోడల పనిని గమనింపము.

పెట్టెలను గోడకు 2 అడుగు లీవలికి తెచ్చి, కూర్చున్నవారి చెవి యెత్తున నిలిపితిమి. వాని నడుమ 5 అడుగులు, వానినుండి వినువారికిని 5 అడుగులు ఉండునట్లు మంచము జరిపితిమి. తల గోడకు ఆనరాదు, అచ్చట మంద్రము మిక్కుటము. సరిగా గది నడుమ నుండరాదు, అచ్చట క్షీణము. దూదిపరుపు, తెరలు హెచ్చుస్వరముల ప్రతిధ్వనిని మ్రింగునేకాని మంద్రమును ఆపజాలవు. కావున రాత్రులందు మంద్రపు మీటను తగ్గించుచున్నాము. అవ్వ యిప్పుడు తలుపు మూయుమనుట మాని, ఆ పాట మరల పెట్టుమనుచున్నది.