రంగం వెళ్ళిన సిపాయి

బొబ్బిలి అనగానే 1757 జనవరి 24 నాటి కోటా, తాండ్ర పాపారాయుడూ కళ్లకు కడతారు. మొన్న పాఠం మధ్యలో ఒక కుర్రవాడు లేచి, "అటుతరవాత మనవాళ్లు కత్తి పట్టనే లేదా, మాస్టారూ?" అన్నాడు.

పట్టకేం! కాకపోతే కుంపిణీ తుపాకి పట్టారు. పొరుగున విజయనగరంలోనే కంటోన్మెంటు ఉండేది. తెలుగు సిపాయి పేరు ఎంత దూరం పోయిందంటే, 1857 నాటికి ఉత్తరాదిన ఏ సిపాయినైనా 'తిలంగా' అనేవారు.

జీతం నెలకు 7 రూపాయలు. మద్రాసు సిపాయికి ఒక విశేషం ఉంది. పటాలం ఏ వూరు కదిలితే ఆ వూరికి పెళ్లామూ, బిడ్డలూ, ముసలి తల్లీ కూడా మూటాముల్లే కట్టుకుని కదలవలసిందే. పటాలం పక్కనే కాపురం. మీసాలు రాకముందే కొడుకు పేరు పటాలం పుస్తకంలో ఎక్కేది. వాడికీ కొద్దిపాటి జీతం! ఆ ఇల్లాలి ఏడు రూపాయల సంసారానికి అదే వేన్నీళ్లకు చన్నీళ్లు.

చిక్కల్లా సముద్రంతోనే. 1824లో బర్మా యుద్ధం వచ్చింది. రంగం వెళ్ళే ఓడలో సంసారానికి చోటేదీ? సముద్రం దాటేవాడు తన జీతంలో కొంత ఇంట ముట్టేటట్టు కాగితం రాయించి వెళ్ళేవాడు. ఆ కాగితం పెట్టె అడుగున దాచుకుని ఆవిడ నెలలు లెక్కపెట్టుకునేది.

రంగంలో తుపాకిగుండ్ల కన్న వానాకాలపు జ్వరాలూ, విరేచనాలూ ఎక్కువమందిని పొట్టనపెట్టుకున్నాయి. 1826 ఫిబ్రవరిలో సంధి కుదిరింది. మిగిలినవాళ్లు తిరిగి వచ్చారు.

1852లో మళ్ళీ బర్మా యుద్ధం. నాడు తల్లి చంకన ఉన్న పిల్లవాడికి ఇప్పుడు ముప్ఫయ్యేళ్లు. ఈసారి ఓడ ఎక్కే వంతు వాడిది.