సంతకం ఒక్కటేనా మన పని?

'మీ అబ్బాయి చదివే బడికి ఈమధ్య ఎప్పుడు వెళ్లారు?' అని ఎవరినైనా అడిగి చూడండి. చేర్పించినప్పుడనో, హెడ్మాస్టరు కబురు పెట్టినప్పుడనో అంటారు. చదువు సంగతి మనకేం తెలుస్తుందన్న బెరుకు కొందరిది. వెళ్తే ఆ రోజు కూలి పోతుందన్న బెంగ మరికొందరిది.

చట్టం లెక్క మాత్రం వేరు. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రతి ప్రభుత్వ బడికీ ఒక యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నలుగురికి ముగ్గురు తల్లిదండ్రులే. సభ్యుల్లో సగం మంది మహిళలు. బడి ఎలా నడుస్తోందో చూడటం, గ్రాంటు దేనికి ఖర్చయిందో ఆరా తీయడం, ఏమేం కావాలో ప్రణాళిక వేయించడం... అన్నీ వాళ్ల బాధ్యతలే. ఉమ్మడి రాష్ట్రంలోనైతే 1998లోనే విద్యా కమిటీలకు చట్టం చేశారు.

మరి జరుగుతున్నదేంటి? చాలాచోట్ల మినిట్స్ పుస్తకం పిల్లాడి చేతికిచ్చి ఇంటికి పంపుతారు. చూపించిన చోట అమ్మ సంతకమో, వేలిముద్రో వేసేస్తుంది. ఏం రాశారో చదివి వినిపించమని ఆ పిల్లాడినే అడగొచ్చు కదా. వాడికి చదవడం వచ్చో రాదో కూడా అక్కడే తేలిపోతుంది!

అక్షరం ముక్క రాకపోయినా చేయగలిగిన పని ఇంకోటుంది. మధ్యాహ్న భోజనం వడ్డించే ముందు ఇద్దరు ముగ్గురు పెద్దలు రుచి చూడాలి, వాళ్లలో ఒకరైనా టీచరై ఉండాలి అన్నది నిబంధన. పప్పు ఉడికిందో లేదో వంటింట్లో చేయి తిరిగిన అమ్మకంటే ఎవరికి తెలుస్తుంది? మరుగుదొడ్లో నీళ్లొస్తున్నాయా, ఎదిగిన ఆడపిల్లలు ఇంటికి పరుగెత్తాల్సి వస్తోందా అన్నదీ అంతే.

ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న ప్రభుత్వ బడులన్నిట్లో ఒకేరోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టారు. అదే ఏడాది తెలంగాణలో మహిళా సంఘాలతో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వేసి, బడుల మరమ్మతులు అప్పగించారు. సందడి బాగానే ఉంది. కానీ మామూలు రోజుల్లో మీటింగు పెట్టేది మిట్టమధ్యాహ్నం, అమ్మానాన్నలు పొలంలోనో, ఫ్యాక్టరీలోనో ఉండే వేళ. సాయంత్రం ఆరింటికి పెట్టండని కమిటీ వాళ్లే పట్టుబట్టాలి.

ప్రైవేటు బడుల్లో కథ ఇంకోలా ఉంటుంది. పేరెంట్స్ మీటింగ్ అంటే మార్కుల జాబితా, ఫీజు బాకీ. పక్కింటి పిల్లతో పోల్చి అక్కడే తిట్టే నాన్నలైతే వెళ్లకపోవడమే నయం. ర్యాంకు ఎలాగూ కార్డులో ఉంటుంది. 'క్లాసులో మా అమ్మాయి నోరు తెరిచి ఏమైనా అడుగుతోందా అండీ?' అని టీచరును కదపండి.

ఈసారి మీటింగు కబురొస్తే ముందురోజు రాత్రి పాపనే అడగండి, 'మీ టీచరుతో ఏం చెప్పమంటావ్?' అని. ఫ్యాన్ తిరగట్లేదనో, పక్క బెంచీ వాడు కొడుతున్నాడనో, కాస్త ఆగి, లెక్కలు అర్థం కావట్లేదనో చెబుతుంది.