పాలపళ్ళకు ఏ వైద్యుని తలుపు తట్టాలి?

మా దగ్గరి బంధువుల ఇంట జరిగిన సంఘటన ఇది. వారి పాపకు నాలుగేళ్ళు. పై దవడలోని ఒక పన్నుపై నల్లటి మచ్చ ఏర్పడిందని తల్లి మూడు నెలల ముందే గమనించింది. "పాలపళ్ళే కదా బేటీ, రేపో మాపో ఊడిపోయేవే. దానికి డాక్టరెందుకు?" అని నానీ సర్దిచెప్పారు. పాప నొప్పి అన్నప్పుడల్లా లవంగ నూనెలో ముంచిన దూది పెడుతూ వచ్చారు. ఒక శుక్రవారం తండ్రి జుమా నమాజు ముగించుకొని ఇంటికి వచ్చేసరికి పాప కుడి బుగ్గ కంటి కింది వరకు వాచిపోయింది. ఒళ్ళు జ్వరంతో కాలిపోతోంది.

పదేళ్ళుగా ఆ ఇంటిల్లిపాదికీ పళ్ళు చూస్తున్న వైద్యుని దగ్గరకు పరుగెత్తారు. ఆయన పరీక్షించి, వాపూ జ్వరమూ తగ్గడానికి మందులు రాసి, "ఇక మీదటి చికిత్స చిన్నపిల్లల దంత నిపుణుల దగ్గర చేయించండి" అని చీటీ ఇచ్చారు. ఆ మాట కుటుంబానికి మింగుడుపడలేదు. "ఈయనా పంటి డాక్టరే, ఆయనా పంటి డాక్టరే. ఒకరు చేసే పని మరొకరు చేయలేరా? ఊరికే తిప్పుతున్నారా?" అని అనుమానించారు. చివరికి వెళ్ళారు. అప్పటికే ఆ పన్ను దక్కే స్థితిలో లేదు. పదేళ్ళ వయసు వరకు ఉండవలసిన పన్నును నాలుగేళ్ళకే తీసివేయవలసి వచ్చింది.

ఆ కుటుంబానికి కలిగిన సందేహం మనలో చాలామందికి ఉన్నదే. ఇంటిల్లిపాదికీ తెలిసిన దంతవైద్యుడు చాలునా? లేక పిల్లలకు ప్రత్యేక నిపుణుడే కావాలా? ఈ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు లేదు. పిల్లవాని వయస్సు, స్వభావం, పంటి పరిస్థితి ఈ మూడింటినీ చూసి నిర్ణయించుకోవలసిన విషయమిది.

ఇద్దరి చదువులో తేడా

దంతవైద్యులందరూ ముందుగా బి.డి.ఎస్. చదువుతారు. పళ్ళు శుభ్రం చేయడం, పిప్పి పన్నుకు సిమెంటు నింపడం, పన్ను తీయడం వంటి పనులన్నీ అందులోనే నేర్చుకుంటారు. పిల్లల పళ్ళ గురించిన పాఠాలు కూడా ఆ చదువులో భాగమే. కాబట్టి బి.డి.ఎస్. వైద్యునికి పిల్లల పళ్ళు తెలియవనుకోవడం పొరపాటు.

ఆ తర్వాత మరో 3 సంవత్సరాలు ఒకే శాఖలో చదివినవారికి ఎం.డి.ఎస్. పట్టా లభిస్తుంది. మన దేశంలో ఎం.డి.ఎస్.లో 9 శాఖలు ఉన్నాయి. వాటిలో పిల్లలకు సంబంధించిన శాఖ పేరు పీడోడాంటిక్స్. ఇక్కడే చాలామంది పొరబడతారు. బోర్డుపై ఎం.డి.ఎస్. అని కనిపించగానే పిల్లల నిపుణుడే అనుకుంటారు. వంకర పళ్ళను సరిచేసేవారు, చిగుళ్ళ వైద్యం చేసేవారు, కట్టుడు పళ్ళు అమర్చేవారు కూడా ఎం.డి.ఎస్. చదివినవారే. అందువల్ల పట్టాతోపాటు శాఖ పేరును కూడా చూడాలి, లేదా అడిగి తెలుసుకోవాలి.

పీడోడాంటిస్టు ఆ మూడేళ్ళలో నేర్చుకునేది పళ్ళ గురించి మాత్రమే కాదు. రెండేళ్ళ బిడ్డ ఎందుకు ఏడుస్తుంది, ఐదేళ్ళ బాలుడు దేనికి భయపడతాడు, మానసిక ఎదుగుదలలో లోపమున్న బిడ్డతో ఎలా మాట్లాడాలి అనే విషయాలను కూడా నేర్చుకుంటారు. వారు సాధారణంగా అనుసరించే పద్ధతి ఒకటుంది. చేయబోయే పనిని ముందు బిడ్డకు అర్థమయ్యే మాటల్లో చెబుతారు. తర్వాత పరికరాన్ని చూపించి, వేలి గోరుపై తిప్పి చూపుతారు. ఆ తర్వాతనే నోట్లో పెడతారు. పైకి ఇది చిన్న విషయంలాగా కనిపిస్తుంది. కానీ ఆ బిడ్డ జీవితాంతం దంతవైద్యుని చూసి పారిపోతాడా, ధైర్యంగా వెళతాడా అనేది చాలావరకు ఆ మొదటి కొద్ది నిమిషాల మీదనే ఆధారపడి ఉంటుంది.

"ఎలాగూ ఊడిపోయేవే" అనే అపోహ

ఏ వైద్యుని దగ్గరకు వెళ్ళాలి అనే ప్రశ్న కంటే ముందు మనం వదిలించుకోవలసిన అపోహ ఇది. పిల్లలకు పాలపళ్ళు 20 ఉంటాయి. సుమారు ఆరవ నెలలో మొదలై, మూడేళ్ళు నిండేసరికి అన్నీ వస్తాయి. ముందుపళ్ళు ఆరు, ఏడేళ్ళకు ఊడటం మొదలవుతుంది. అయితే వెనుక ఉండే దవడ పళ్ళు పది, పన్నెండేళ్ళ వరకు ఉండవలసినవి. అంటే మూడేళ్ళ బిడ్డ దవడ పన్ను ఇంకా ఏడెనిమిదేళ్ళు అన్నం నమలాలి.

పాలపంటిపై ఉండే గట్టి పొర పెద్దల పంటిపై ఉండేదానికంటే పలుచన. లోపలి నరాల గది మాత్రం పంటి పరిమాణంతో పోలిస్తే పెద్దది. అందువల్ల పెద్దవారిలో సంవత్సరాలు పట్టే పుచ్చు పిల్లల్లో కొద్ది నెలల్లోనే నరాన్ని చేరుతుంది. లవంగ నూనె నొప్పిని కాసేపు కప్పిపుచ్చుతుందే కాని పుచ్చును ఆపదు. నొప్పి తగ్గింది కదా అని మనం ఊరుకుంటాము. లోపల చీము మాత్రం తన పని తాను చేసుకుపోతూ ఉంటుంది.

పాలపన్ను కింద రాబోయే పన్నుకు చోటు కాపాడే కాపలాదారు. అది ముందే పోతే పక్క పళ్ళు ఆ ఖాళీలోకి ఒరిగిపోతాయి. తర్వాత వచ్చే పన్నుకు దారి ఉండదు. అది వంకరగా వస్తుంది, లేదా చిగురులోనే చిక్కుకుపోతుంది. మా బంధువుల పాపకు ఆ ఖాళీని నిలిపి ఉంచడానికి చిన్న తీగ వంటి అమరికను పెట్టారు. మూడు నెలల ముందు వెళ్ళి ఉంటే సిమెంటు నింపడంతోనే పని ముగిసేదేమో.

మరొక విషయం. ఆరేళ్ళ వయసులో పాలపళ్ళన్నిటికీ వెనుక ఒక కొత్త దవడ పన్ను వస్తుంది. ఏ పన్నూ ఊడకుండానే వస్తుంది కాబట్టి దానిని కూడా పాలపన్నే అనుకొని తల్లిదండ్రులు పట్టించుకోరు. అది జీవితాంతం ఉండవలసిన పన్ను. దాని గాడుల్లో పుచ్చు పట్టకుండా పూత వేసే సదుపాయం ఉంది. ఆ వయసులో ఒకసారి తప్పక చూపించాలి.

ఇంటి వైద్యుడు ఎప్పుడు చాలు?

మీ దంతవైద్యుడు పిల్లలను ఓపికగా చూస్తారా? మీ బిడ్డ ఆయన దగ్గర నోరు తెరుస్తున్నాడా? అలాగైతే ఆరు నెలలకొకసారి చేయించే పరీక్ష, పళ్ళు శుభ్రం చేయించడం, చిన్న చిన్న పుచ్చులకు సిమెంటు, కదులుతున్న పాలపన్నును తీయించడం వంటివాటికి ఆయనే చాలు. ఇంటికి దగ్గర, కుటుంబమంతా తెలుసు, ఖర్చు కూడా తక్కువే. అమ్మీ, అబ్బా అదే కుర్చీలో కూర్చొని నవ్వుతూ లేవడం చూసిన పిల్లవానికి సగం భయం అక్కడే పోతుంది. చిన్న పట్టణాల్లో పీడోడాంటిస్టు దొరకడమే కష్టం. అటువంటి చోట నిపుణుని కోసం నెలల తరబడి ఆగడం కంటే ఉన్న వైద్యునికి వెంటనే చూపించడమే మేలు.

నిపుణుని ఎప్పుడు వెతకాలి?

కొన్ని సందర్భాల్లో మాత్రం దూరమైనా, ఖర్చు ఎక్కువైనా నిపుణుని దగ్గరకు వెళ్ళడం మంచిది. మూడేళ్ళలోపు బిడ్డకు పళ్ళు పుచ్చినప్పుడు, ఒకేసారి నాలుగైదు పళ్ళు పాడైనప్పుడు, పాలపంటి నరం వరకు పుచ్చు చేరి వేరు చికిత్స చేసి తొడుగు వేయవలసి వచ్చినప్పుడు ఈ అవసరం ఏర్పడుతుంది. ఎంత బుజ్జగించినా నోరు తెరవని బిడ్డకు, ఆటిజం వంటి ఇబ్బందులున్నవారికి, గుండె జబ్బు, మూర్ఛ, తలసేమియా వంటి వ్యాధులున్నవారికి కూడా నిపుణుని చికిత్స అవసరం. బిడ్డను నిద్రపుచ్చి చికిత్స చేయాలంటే అది మత్తు వైద్యుడు, తగిన సదుపాయాలు ఉన్న ఆసుపత్రిలోనే జరగాలి.

దెబ్బ తగిలి పన్ను ఊడినప్పుడు క్షణాలు విలువైనవి. ఊడినది శాశ్వత పన్నైతే వేరును తాకకుండా పైభాగాన్ని పట్టుకొని, పాలలో వేసి, గంటలోపు దగ్గరలోని ఏ దంతవైద్యుని దగ్గరకైనా చేరాలి. తిరిగి అమర్చే అవకాశం ఉంటుంది. పాలపన్నైతే తిరిగి పెట్టే ప్రయత్నం చేయకూడదు. కానీ అప్పుడు కూడా వైద్యునికి చూపించాలి.

బుగ్గ వాచి జ్వరం వచ్చినా, మింగడం, శ్వాస తీసుకోవడం కష్టమైనా, వాపుతో కన్ను మూసుకుపోతున్నా, ఇద్దరిలో ఎవరు అనే ఆలోచన వద్దు. ఆ రాత్రే పెద్ద ఆసుపత్రికి వెళ్ళాలి.

ఏ వైద్యుడైనా "ఇది నా పని కాదు, ఫలానావారికి చూపించండి" అంటే ఆయనను అనుమానించకూడదు. తన హద్దు తెలిసి చెప్పే వైద్యుడు నమ్మదగినవాడు. అన్నీ నేనే చేస్తానని బిడ్డ కాళ్ళూ చేతులూ నలుగురిచేత పట్టించి పని ముగించేవారి విషయంలోనే మనం ఆలోచించుకోవాలి.

ఖర్చు మాటేమిటి?

నిపుణుడంటే సామాన్య కుటుంబం వెనకాడటానికి మొదటి కారణం డబ్బు. హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంతవైద్య కళాశాలలో, విజయవాడ, కడపలలోని ప్రభుత్వ దంతవైద్య కళాశాలల్లో పిల్లల దంత విభాగాలు ఉన్నాయి. ప్రైవేటు దంత కళాశాలల్లో కూడా ఎం.డి.ఎస్. విద్యార్థులు తమ ఆచార్యుల పర్యవేక్షణలో బయటి క్లినిక్కులకంటే తక్కువ ఖర్చుతో చికిత్స చేస్తారు. అక్కడ సమయం ఎక్కువ పడుతుంది, రెండు మూడు సార్లు తిరగవలసి వస్తుంది. ఉదయమే వెళ్ళడం మంచిది. బిడ్డ నిద్ర తీరి, కడుపు నిండి ఉంటే ఏడుపు కూడా తక్కువ. అంగన్‌వాడీలకు, ప్రభుత్వ పాఠశాలలకు వచ్చే బాలల ఆరోగ్య కార్యక్రమం బృందాలు పళ్ళను కూడా పరిశీలిస్తాయి. వారిచ్చిన చీటీని పారవేయకండి.

వైద్యుని దగ్గరకు వెళ్ళే ముందు

"అల్లరి చేస్తే డాక్టరుచేత సూది వేయిస్తాను" అని బెదిరించే ఇంటి బిడ్డ ఏ నిపుణుని దగ్గరా నోరు తెరవడు. "అక్కడ ఏమీ చేయరు, ఊరికే చూస్తారంతే" అని అబద్ధం చెప్పి తీసుకువెళితే మరుసటిసారి మన మాటే నమ్మడు. ఒక తల్లి ఏదో ఇస్తానంటూ తన బిడ్డను పిలిచినప్పుడు దైవప్రవక్త (సఅసం) ఆమెను ఏమివ్వాలనుకున్నావని అడిగిన సంఘటన హదీసుల్లో ఉంది. ఖర్జూరం ఇద్దామనుకున్నానని ఆమె చెప్పగా, ఏమీ ఇవ్వకపోయి ఉంటే అది అబద్ధంగా నమోదయ్యేదని ఆయన హెచ్చరించారు. బిడ్డను బుజ్జగించడానికైనా అబద్ధం తగదని ఈ సంఘటన మనకు నేర్పుతున్నది. "డాక్టరు నీ పళ్ళు లెక్కపెడతారు. కొంచెం నొప్పి ఉండవచ్చు. నేను నీ పక్కనే ఉంటాను" అని చెప్పడం సత్యమూ, ధైర్యమూ కూడా.

మొదటి సందర్శనకు నొప్పి వచ్చేదాకా ఆగనవసరం లేదు. మొదటి పన్ను వచ్చాక, పుట్టినప్పటినుండి సంవత్సరం నిండేలోగా ఒకసారి చూపించాలని దంతవైద్యులు సూచిస్తారు. పిల్లల దంతవైద్యుని అమ్మీ ఒడిలో కూర్చొని చూసిన బిడ్డకు ఆ గది శత్రువుల కోటలాగా కనిపించదు.

ఇక ఇంట్లో చేయవలసినవి కష్టమైనవేమీ కావు. చక్కెర కలిపిన పాలసీసా నోట్లో పెట్టి నిద్రపుచ్చే అలవాటు మానాలి. రాత్రంతా ఆ పాలు పళ్ళపై నిలిచి ముందుగా పై ముందుపళ్ళను తింటాయి. పాలపీకను తేనెలో ముంచి ఇవ్వడం అంతకంటే హాని. మూడేళ్ళలోపు బిడ్డకు బియ్యపు గింజంత, ఆ తర్వాత బఠాణీ గింజంత పేస్టు చాలు. ఏడెనిమిదేళ్ళ వరకు పిల్లలతో పెద్దలే తోమించాలి. నల్గొండ, ప్రకాశం జిల్లాలవంటి ఫ్లోరైడు నీళ్ళున్న ప్రాంతాలవారు పేస్టు విషయంలో వైద్యుని అడిగి నిర్ణయించుకోవాలి. రమజాన్‌లో ఇఫ్తారు మిఠాయిల తర్వాత, పండుగనాడు షీర్ ఖుర్మా తర్వాత, పడుకునే ముందు పళ్ళు తోమించడం మరువకూడదు.

నోటి శుభ్రత మనకు కొత్తగా ఎవరో నేర్పవలసిన విషయం కాదు. వుజూలో రోజుకు అయిదు పూటలా నోరు పుక్కిలించే సమాజం మనది. మిస్వాక్ పట్ల దైవప్రవక్త (సఅసం) చూపిన శ్రద్ధ మనకు తెలిసినదే. దాదాజాన్ మిస్వాక్ చేస్తుంటే పక్కన నిలబడి అనుకరించే మనవడికి అంతకంటే మంచి పాఠం లేదు.

బిడ్డలు మన చేతిలోని అమానతు. వారి నోటిలోని 20 చిన్న పళ్ళు కూడా ఆ అమానతులో భాగమే. మీ ఇంటి వైద్యునితో మొదలుపెట్టండి, ఆయన నిపుణుని పేరు చెబితే వెళ్ళండి, ఎవరి దగ్గరకు వెళ్ళినా నల్లమచ్చ కనిపించిన వారంలోనే వెళ్ళండి. మా బంధువుల పాపకు ఇప్పుడు ఆరేళ్ళు. ఆమె తమ్మునికి మొన్ననే మొదటి పన్ను వచ్చింది. "వీడినెప్పుడు చూపిస్తావు బేటీ?" అని ఈసారి ముందుగా అడిగింది నానీయే.