మోకాటి చిప్ప విరిగిన పిమ్మట

ఎముక విరిగినదన్నంతనే ఇంటిల్లిపాదియు ఆతురపడుదురు. అది అతికినదన్నంతనే అందఱును మఱచిపోవుదురు. మోకాలి విషయమున నీ మఱపు మిక్కిలి హానికరము. ఎముక అతుకుట సగము పని మాత్రమే. కీలు మరల వంగి, చాగి, దేహమును మోయగలుగుట తక్కిన సగము.

మా జొన్నాడలో గౌతమి రేవున కాలుజాఱి పడువారును, రావులపాలెపు వంతెన వైపు పోవు పెద్దబాటపై బండ్లనుండి పడువారును గలరు. మోకాలు నేరుగ నేలకు తాకినచో ముందుండు చిప్ప పగులును. తొడకండరము ఈ చిప్ప ఆధారముననే కాలిని చాచును. కావున ముక్కలు ఎడమైనచో కాలు చాచి యెత్తుట దుర్లభము. సాధారణముగ శస్త్రచికిత్స చేసి తీగెతో బిగింతురు. ముక్కలు కదలకున్నచో నాలుగు నుండి ఆఱు వారముల కట్టు తఱచుగ చాలును. పుత్తూరు కట్టుపై మనవారికి నమ్మకము మెండు. అయినను కీలులోని పగులును ఎక్స్‌రే తీయింపక కట్టించుట తగదు.

సుశ్రుతాచార్యుడు కట్టు వదులైనచో కీలు నిలువదనియు, మిక్కిలి బిగువైనచో వాపును నొప్పియు గలుగుననియు జెప్పెను. అరచేయి దెబ్బతిన్నవారు మొదట మట్టిముద్దను, పిమ్మట ఉప్పును, బలము వచ్చిన పిదప ఱాతిని పట్టవలెనని విధించెను. మెల్లమెల్లగ బలము పెంచు నీ క్రమమునే నేటి వైద్యులును పాటించుచున్నారు.

మా వీధిలోని యొక పిన్నిగారిని అయినవారు ప్రేమతో మోకాలి క్రింద దిండుపెట్టి మూడు నెలలు పరుండబెట్టిరి. కాలు వంగినది వంగినట్లే బిగిసిపోయెను. మఱియొక యింట కట్టు విప్పిన మఱునాడే కోడలిని నేలపై గూర్చుండబెట్టి చాకిరి చేయించిరి. వాపు మరల వచ్చెను. అతిప్రేమయు, అతిశ్రమయు రెండును కూడవు.

వైద్యుడు అనుమతించిన నాటినుండి కాలు చాచి, మోకాలి వెనుక భాగమును పరుపునకు అదిమి, అయిదు లెక్కించునంతసేపు నిలిపి వదలవలెను. ఇట్లు పదిమాఱులు, దినమునకు మూడు పర్యాయములు చేయవచ్చును. పిమ్మట చాచిన కాలు నెత్తుట, మడమను జార్చుచు మోకాలు వంచుట, కఱ్ఱ సాయమున నడచుట ఆయన చెప్పిన వరుసను సాగవలెను. పిక్క వాచి నొప్పిపెట్టినచో నెత్తురు గడ్డకట్టెనేమో యని వెంటనే ఆసుపత్రికి పోవలెను. ఆయాసము గూడ గలిగినచో 108కి తెలుపవలెను.

కీలులోని మృదులాస్థికి రక్తనాళములు లేవు గాన దాని గాయము సులభముగ మానదు. అందుచే ఏండ్లు గడచిన పిదప కీలు అరుగుట సంభవము. మెట్లెక్కునప్పుడు చిప్పపై దేహభారమునకు ఇంచుమించు మూడింతల యొత్తిడి పడును, బరువు పెరుగనీయరాదు. 100 గ్రాముల చోళ్లలో సుమారు 340 మిల్లీగ్రాముల కాల్షియము గలదు. నువ్వులు, పెరుగును మేలే. ఏబది దాటిన స్త్రీ ఊరక జాఱిపడినంతనే ఎముక విరిగినచో ఎముకల గట్టిదనమును పరీక్ష చేయించుకొనవలెను.

పీటకు మాఱుగ కుర్చీయు, గొంతుకూర్చుండ బనిలేని మరుగుదొడ్డియు, పాచిలేని పెరడును అమర్చుట ఇంటివారి ధర్మము. పని ఆగునని గృహిణి తన అభ్యాసమును మానరాదు. కొలది నెలలు ఆమెకు దినమున అరగంట విడిచినచో, ఆమె నడక చిరకాలము నిలుచును.