ఫార్ములా వెంట వచ్చే పాత ఫైలు

1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్‌ల విసికాల్క్ మొదలు నేటి ఎక్సెల్ వరకు స్ప్రెడ్‌షీట్ బలమంతా ఒక్క గుణంలో ఉంది: కాపీ చేసిన ఫార్ములా కొత్త చోటుకు తగ్గట్టు సర్దుకుంటుంది. సి2లోని =ఎ2+బి2, సి3లోకి రాగానే =ఎ3+బి3 అవుతుంది. వేరే ఫైలులో పేస్ట్ చేసినా ఇంతే. ఫార్ములా మరో షీటును ప్రస్తావించినప్పుడే చిక్కు మొదలవుతుంది.

జీతాల లెక్క చూద్దాం. డీఏ (కరువు భత్యం) శాతం 'రేట్లు' అనే షీటులో ఉంది; జీతాల షీటులో =డి5*రేట్లు!$బి$2 అని రాశారు. జూన్ ఫైలులోని ఈ ఫార్ములాను జులై ఫైలులో పేస్ట్ చేస్తే అది =డి5*[జూన్.ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్]రేట్లు!$బి$2 అవుతుంది. జులై ఫైలులోనూ 'రేట్లు' షీటు ఉన్నా ఎక్సెల్ దాన్ని పట్టించుకోదు. దాని దృష్టిలో మీరు చూపింది జూన్ ఫైలులోని ఆ షీటునే. పేరు కలిసినంత మాత్రాన మరొకటి దానికి బదులు కాదు. తర్కం సరైనదే, ఫలితమే మనకు పనికిరానిది.

అసలు ప్రమాదం మరొకటి. ఎక్సెల్ ఫైలు నిజానికి ఒక జిప్ మూట. బయటి ఫైలులో చివరిసారి చదివిన విలువలను అందులోనే ప్రత్యేకంగా దాచిపెడుతుంది. అందుకే జూన్ ఫైలును తొలగించినా సెల్‌లో ఎర్రర్ కనిపించకపోవచ్చు. పాత శాతంతో కట్టిన అంకె నిక్షేపంగా నిలిచి ఉంటుంది. ప్రభుత్వ ఉద్యోగులకు డీఏ సవరణ జనవరి 1, జులై 1 నుంచి వర్తించేది కనుక ఈ తప్పు ఎవరి జీతంలో పడుతుందో ఊహించవచ్చు.

రెండు షీట్లూ కావాలంటే, కంట్రోల్ నొక్కి రెండు ట్యాబ్‌లనూ ఎంచుకుని 'మూవ్ ఆర్ కాపీ'తో ఒకేసారి పంపాలి; అప్పుడు బంధం కొత్త ఫైలులోనే ఉంటుంది. ఫార్ములాలు మాత్రమే కావాలంటే, రీప్లేస్‌తో = గుర్తులన్నిటినీ ## చేసి, ఉత్త అక్షరాలుగా కాపీ చేసి, రెండు ఫైళ్లలోనూ తిరిగి = చేయాలి. అక్షరాలు సర్దుకోవు కాబట్టి అవే సెల్ స్థానాల్లో పేస్ట్ చేయడం తప్పనిసరి.

ఇప్పటికే లింకు పడిపోతే, డేటా మెనూలోని లింకుల జాబితాలో 'చేంజ్ సోర్స్' ఎంచుకుని ప్రస్తుత ఫైలునే చూపండి. 'బ్రేక్ లింక్' జోలికి పోవద్దు. అది ఫార్ములాను చెరిపి అంకెను మిగులుస్తుంది. చివరగా ఫార్ములాల్లో పాత ఫైలు పేరును వెతకండి, నేమ్ మేనేజర్‌నూ తెరిచి చూడండి. సెల్‌లకు పెట్టిన పేర్లలో దాగిన లింకులు మామూలు వెతుకులాటకు దొరకవు.