సొంత సర్వరుకు టోకెను కాపలా

(గ్రామీణ విలేకరి)

పాల సంఘం, రైతు బృందం, యువజన సంఘం... ఎవరిని కదిపినా ఇప్పుడు కబుర్లన్నీ సెల్‌ఫోనులోనే. ధరలు, బాకీలు, సమావేశం కబురు అన్నీ అందులోనే నడుస్తున్నాయి. అయితే ఆ మాటలు ఎక్కడో పరాయి కంపెనీ యంత్రాల గుండా పోతున్నాయన్న సంగతి చాలామందికి పట్టడం లేదు.

మన లెక్క మన దగ్గరే ఉండాలనుకునే వారు సొంతంగా కబుర్ల సర్వరు పెట్టుకునే వీలుంది. 2014లో మొదలైన 'మ్యాట్రిక్స్' పద్ధతి ఇందుకు బాగా అక్కరకొస్తున్నది. దానిపై నడిచే 'సినాప్స్' సాఫ్ట్‌వేరును ఎవరైనా ఉచితంగా తెచ్చి తమ కంప్యూటరులో పెట్టుకోవచ్చు. ఫ్రాన్సు ప్రభుత్వం తన ఉద్యోగులకోసం 2019లో ప్రారంభించిన 'చాప్' కూడా ఈ పద్ధతిపై కట్టినదే.

సర్వరు పెట్టడం ఒక ఎత్తు, గుమ్మంలో కాపలా పెట్టడం మరో ఎత్తు. సభ్యుల పట్టిక నడిపే వెబ్‌సైటు ఇదివరకే ఉన్న సంఘమైతే, సభ్యుడికి అక్కడ ఒక పాస్‌వర్డు ఉంటుంది. కబుర్లకు ఇంకొకటి ఇస్తే మరచిపోతాడు, లేదా కాగితంమీద రాసి గోడకు అంటిస్తాడు. అందుకే టోకెను పద్ధతి వచ్చింది. సభ్యుణ్ణి వెబ్‌సైటు గుర్తుపట్టి ఒక చీటీ ఇస్తుంది. ఆ చీటీ చూసి సర్వరు లోపలికి రానిస్తుంది.

రాశి ముద్ర వంటిదే

ఈ చీటీని 'జె.డబ్ల్యు.టి.' అంటారు. దీని ప్రమాణాన్ని 2015లో ప్రకటించారు. ఇందులో చుక్కలతో వేరుచేసిన మూడు ముక్కలుంటాయి. మొదటిది చీటీ రకం, రెండోది సభ్యుని పేరు, గడువు వగైరా, మూడోది ముద్ర.

వెనుకటి రోజుల్లో కళ్ళంలో ధాన్యం రాశిపై ముద్రలు వేసేవారు. రాశి అందరికీ కనిపించేది, కాని ఎవరైనా గుప్పెడు తీస్తే ముద్ర చెదిరి దొంగతనం బయటపడేది. ఇదీ అంతే. చీటీలోని పేరును ఎవరైనా చదవగలరు. ఒక్క అక్షరం మార్చినా ముద్ర సరిపోదు, సర్వరు తిప్పికొడుతుంది. కాబట్టి చీటీలో రహస్యాలేవీ రాయరాదు.

అమర్చేదిలా

సినాప్స్ అమరికల ఫైలులో జె.డబ్ల్యు.టి. విభాగం ఉంటుంది. దాన్ని తెరిచి, ముద్ర వేసే రహస్య పదాన్ని, 'హెచ్.ఎస్.256' అనే ముద్ర విధానాన్ని రాయాలి. అదే పదం వెబ్‌సైటు దగ్గరా ఉండాలి. ఊరి పేరో, అధ్యక్షుని పేరో పెడితే దొంగకు తాళం చెవి చేతికిచ్చినట్టే. కంప్యూటరు చేతనే కనీసం 32 బైట్ల పదాన్ని పుట్టించుకోవాలి. తరువాత సర్వరును ఆపి తిరిగి నడపాలి.

చీటీకి గడువు ఐదు నిమిషాలు చాలు. రెండు కంప్యూటర్ల గడియారాలు ఒకే వేళ చూపాలి. తేడా ఉంటే మంచి చీటీ కూడా చెల్లకుండా పోతుంది. సర్వరుకు దారి 'హెచ్.టి.టి.పి.ఎస్.' గుండానే ఉండాలి, లేకపోతే చీటీ దారిలోనే దొంగల పాలవుతుంది. మామూలుగా వాడే యాప్‌లలో ఈ చీటీ రాసే గడి కనిపించదు గనుక, లాగిన్ పనిని వెబ్‌సైటే జరిపించేలా చూసుకోవాలి.

మెలిక ఇక్కడే

చీటీ గడువు తీరితే సభ్యుడు బయటికి పోతాడనుకోవడం పొరపాటు. చీటీ గుమ్మం వరకే. లోపలికి వెళ్ళగానే సర్వరు తన సొంత టోకెను ఇస్తుంది. దానికి గడువు విడిగా పెట్టకపోతే సంఘం వదిలి వెళ్ళిన మనిషి కూడా కబుర్లు చదువుతూనే ఉంటాడు. అలాంటి వారి ఖాతాను సర్వరులోనే రద్దు చేయాలి. మరో సంగతి, ముద్ర సరైనదైతే పట్టికలో లేని పేరుకు కూడా సినాప్స్ కొత్త ఖాతా తెరుస్తుంది. కాబట్టి రహస్య పదం పొక్కితే దొంగ ఏ పేరుతోనైనా లోపలికి రాగలడు.

ఇది ఉత్త భయం కాదు. 2019 ఏప్రిలులో మ్యాట్రిక్స్ నిర్వాహకుల సర్వర్లలోకే ఎవరో చొరబడ్డారు. సకాలంలో సరిదిద్దని ఒక సాఫ్ట్‌వేరు లోపమే వారికి దారి చూపింది. టోకెన్లు పోయి ఉండవచ్చని నిర్వాహకులు తమ సర్వరులోని వాడుకరులందరినీ ఒక్కసారిగా బయటికి పంపి, మళ్ళీ లాగిన్ కమ్మన్నారు. రహస్య సందేశాల తాళాలను ముందుగా దాచుకోని వారు పాత సందేశాలు చదువుకునే వీలు పోగొట్టుకున్నారు.

సొంత సర్వరు పెట్టే సంఘాలు ముందే ఒక బాధ్యుణ్ణి నిర్ణయించుకోవడం మేలు. కొత్త మార్పులు వేయడం, వెళ్ళిపోయిన వారి ఖాతాలు మూయడం, రహస్య పదం కాపాడటం అతని పని. కాపలావాడు కునుకు తీస్తే ఎంత గట్టి తాళమైనా వృథాయే.